వెయ్యి పుటలు, ఒక్క ఆజ్ఞ

మా హోసూరు ప్రాంతంలో 1958 నుంచి 1969 దాకా ఒక లిఖిత పత్రిక నడిచింది. హైస్కూల్లో చదివే నలుగురైదుగురు పిల్లలు, వాళ్లకు అండగా ఒక తెలుగు అయ్యవారు, నోటుబుక్కు కాగితాల మీద సిరాతో గుండ్రంగా రాసి, దారంతో కుట్టి, నెలకు ఒక్కటంటే ఒక్క ప్రతి తయారు చేసేవాళ్లు. ఆ ఒక్క ప్రతే ఇల్లిల్లూ తిరిగేది. ఒక ఇంట్లో రెండు రోజులకు మించి ఉంచుకోకూడదని నియమం. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగి, మా తాలూకా అప్పటి మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయిన రెండేళ్లకు పుట్టిన పత్రిక అది. ఎందుకు పుట్టిందో ఈ మాసపత్రిక చదివేవారికి నేను విప్పి చెప్పనక్కరలేదు.

ఆ పత్రికలో కథలూ పద్యాలూ ఎంత గొప్పవో నేను చెప్పలేను. చాలావరకు పిల్లల రాతలే. కాని ఆ పుటల అంచులు మాత్రం అపురూపమైనవి. చదివిన ప్రతి ఇల్లూ అంచులో పెన్సిలుతో ఏదో ఒకటి రాసి పంపేది. కథలో వేరుశనగ అని రాస్తే, "మన ఊళ్లో సెనక్కాయలు గదా, ఈ వేరుశనగ ఎవరి మాట?" అని ఒకరు. నాయకుడు మూడు పూటలా అన్నమే తింటుంటే, "ఈ కథలో ఎవరూ సంగటి తినరా?" అని ఇంకొకరు. దాని కింద మూడో చేతిరాత: "తింటారు, కానీ కథల్లో చెప్పుకోరు." పాఠ్యపుస్తకం తెలుగుకూ ఇంటి తెలుగుకూ మధ్య మా సరిహద్దు జనం పడిన తగువు అంతా ఆ అంచుల్లో ఉండేది.

2016లో ఆ నోటుబుక్కులు నా చేతికి వచ్చాయి. బాగలూరు దారిలో ఒక పల్లె, ఆ అయ్యవారి తమ్ముడి ఇల్లు. 82 సంచికలు మిగిలాయి. సంచికకు 16 పుటలు, మొత్తం 1,312. "చూసుకొని తిరిగి ఇచ్చేయండి, మా పెద్దాయన జ్ఞాపకం" అన్నారు. స్కానరు పెట్టి ఒక్కొక్క పుటే కంప్యూటరులోకి ఎక్కించి, నోటుబుక్కులు భద్రంగా తిరిగి ఇచ్చేశాను. అసలు పని అక్కడ మొదలైంది. ఈ వ్యాసం కూడా అక్కడే మొదలైంది. ఇది చరిత్ర వ్యాసమే, కాని మధ్యలో నా తప్పు ఒకటి ఉంది. దాన్ని దాచిపెట్టి చరిత్ర మాత్రం చెప్పడం నాకు చేతకాలేదు.

స్కాను చేసిన పుట అంటే ఏమిటో ముందు చెప్పాలి. స్కానరు అద్దం మీద ఏ4 సైజు చోటును అంగుళానికి 300 చుక్కల చొప్పున చదివితే, అడ్డంగా 2,480, నిలువుగా 3,508, మొత్తం సుమారు 87 లక్షల చుక్కలు. రంగుల్లో అయితే ఒక్కొక్క చుక్కకు మూడు అంకెలు. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత. అంటే ఒక పుటకు 2 కోట్ల 60 లక్షల అంకెలు. 1,312 పుటలకు దాదాపు 34 గిగాబైట్లు. నా పాత ల్యాప్‌టాప్ గొంతు దాకా నిండిపోయింది. పైగా నోటుబుక్కు ఎటు పెడితే అటు పెట్టి స్కాను చేశాను కాబట్టి, సగం పుటలు పక్కకు పడుకొని ఉన్నాయి. చుట్టూ స్కానరు మూత నీడ. ఒక్కొక్క పుటను తెరవాలి, నిలబెట్టాలి, అంచులు కత్తిరించాలి, చిన్నది చేసి దాచాలి. పుటకు మూడు నిమిషాలు. 236 పుటలు అలా చేశాను. పన్నెండు గంటల పని. కుడిచేతి మణికట్టు వాచింది.

అప్పుడు బెంగుళూరు నుంచి మా మేనల్లుడు వచ్చాడు. వెనక నిలబడి కాసేపు చూసి, "ఏంది మామా, ఒక్కొక్కటీ ఇట్ల చేస్తా కూచుంటే ఎప్పటికి అయ్యేది? ఇది మనిషి చేసే పని గాదు" అన్నాడు. నన్ను లేపి కూచుని, నల్లటి కిటికీ ఒకటి తెరిచి, అందులో ఒక్క వరుస టైపు చేశాడు. ఆ వరుసలో ఏమేమి ఉన్నాయో అప్పుడు అడగలేదు. మిగిలిన 1,076 పుటలు ముప్పావు గంటలో ముగిశాయి. నేను చేసి ఉంటే 54 గంటలు. వాడికి ఆ రోజు మా ఆవిడ ఒబ్బట్లు చేసి పెట్టింది.

ఆ ఒక్క వరుస ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు, ఎందుకు ఇంత తేలిక చేశారు? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వెంటాడింది. తెలుగు పాఠాలు చెప్పుకొని రిటైరైన వాణ్ణి, లెక్కల మనిషిని కాను. అయినా దొరికింది దొరికినట్టు చదివాను. చదివినకొద్దీ ఇది యంత్రాల కథ కంటే మనుషుల కథలా కనిపించింది.

కంప్యూటరులోకి ఎక్కిన మొదటి ఫోటోల్లో ఒకటి పసివాడిది. 1957లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు, మూడు నెలల తన కొడుకు ఫోటోను, అయిదు సెంటీమీటర్ల చదరం ముక్కను, తిరిగే డ్రమ్ముకు అతికించి సీయాక్ అనే కంప్యూటరుకు చదివి వినిపించాడు. అడ్డం 176, నిలువు 176. మొత్తం 30,976 చుక్కలు. నా ఒక్క పుటలో ఇలాంటి ఫోటోలు 280 పడతాయి. ఆ స్కానరుకు ఒక చుక్క నలుపో తెలుపో అంతే తెలుసు, మధ్యలో బూడిద రంగు తెలియదు. మరి పసివాడి బుగ్గ మీది నీడ ఎలా వచ్చింది? కిర్ష్ బృందం అదే ఫోటోను హద్దు మార్చి మార్చి కొన్నిసార్లు చదివించింది. ఒకసారి గట్టి నలుపు మాత్రమే నలుపుగా, మరోసారి కాస్త లేత నలుపు కూడా నలుపుగా. ఆ చదువులన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే నీడలు తేలాయి. ఈ హద్దు సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. నా తప్పు అంతా దాని దగ్గరే ఉంది.

కిర్ష్ బొమ్మను లోపలికి ఎక్కించి ఊరుకోలేదు. ఎక్కిన బొమ్మ మీద లెక్కలు చేయించాడు. అంటే బొమ్మ కంప్యూటరులోకి వచ్చిన నాటి నుంచే దాన్ని మనిషి చెయ్యి తగలకుండా మార్చాలన్న కోరిక కూడా ఉందన్నమాట. చుక్కలు చదరంగా ఉండాలని తాను చేసిన ఏర్పాటు అంత మంచిది కాదని ముసలితనంలో ఆయనే అనుకొని, వేరే ఆకారాల చుక్కల మీద పని చేశాడు. 2020లో చనిపోయాడు.

తరువాతి ఘట్టం నాకు అన్నిటికంటే ఇష్టమైనది. 1965 జూలైలో మెరైనర్-4 అనే నౌక అంగారకుడి పక్కగా పోతూ ఫోటోలు తీసింది. 21 పూర్తి ఫోటోలు, ఇరవై రెండోది కొంచెం. ఒక్కొక్కటీ 200 అడ్డం, 200 నిలువు. ఒక్కొక్క చుక్కకు ఆరు బిట్లు. మొత్తం 2 లక్షల 40 వేల బిట్లు. అక్కడి నుంచి భూమికి సమాచారం సెకనుకు ఎనిమిది బిట్ల చిల్లర వేగంతో వచ్చేది. లెక్క కట్టండి, ఒక్క ఫోటో రావడానికి ఎనిమిది గంటలు. కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఇంజనీర్లకు ఆగే ఓపిక లేదు. నౌకలోని టేపు రికార్డరు సరిగా పని చేసిందో లేదో అని గుబులు. వచ్చే అంకెలను కాగితం పేలికల మీద అచ్చు వేయించి, ఆ పేలికలను బోర్డుకు వరుసగా కొట్టి, బజారు నుంచి రంగు సుద్దముక్కలు తెప్పించి, ఈ అంకెకు ఈ రంగు అని పెట్టుకొని చేత్తో పూశారు. రిచర్డ్ గ్రమ్ అనే ఆయన ఆ పనికి పూనుకున్నాడు. ఇంటి ముందు చుక్కలు పెట్టి ముగ్గులు నింపినట్టే. కంప్యూటరు తన బొమ్మ తయారు చేసేలోగా చేతి బొమ్మ తయారైంది. అంగారకుణ్ణి దగ్గరగా చూసిన మొదటి బొమ్మ అలా చేతిపనిగా పుట్టింది.

కాని ప్రతి బొమ్మనూ అలా చేస్తూ కూచోలేరు గదా. అంతకు ముందు ఏడాదే, 1964 జూలై 31న, రేంజర్-7 చంద్రుడి మీద పడి ముక్కలయ్యేలోగా నాలుగు వేల పైచిలుకు ఫోటోలు పంపింది. వాటిలో టెలివిజను సంకేతాల వల్ల వచ్చిన వంకరలూ చారలూ ఉండేవి. ప్రతి ఫోటోలోనూ అదే వంకర, అవే చారలు. అదే దిద్దుబాటు నాలుగు వేల సార్లు. చేతి పని పోయి యంత్రం పని రావడానికి ఇదే మూలమని నాకు అనిపిస్తుంది. పని కష్టమైనది కావడం కాదు, తేలికైనదై మళ్లీ మళ్లీ అదే కావడం. 1966లో ఆ ల్యాబొరేటరీ వాళ్లు వికార్ అనే ఏర్పాటు చేశారు. చిన్న చిన్న దిద్దుబాటు ప్రోగ్రాములు, ఒక్కొక్క దానికి ఒక పేరు. ఏది ముందు, ఏది తరువాత అని వరుసగా ఆజ్ఞలు రాసి ఇస్తే చాలు, మిగతాది యంత్రం చూసుకుంటుంది. వికార్ అన్న పేరు వినగానే మనకు వికారం గుర్తుకొస్తుంది గాని, అది ఇంగ్లీషు పొడి అక్షరాల పేరు.

ఇది పెద్ద పెద్ద సంస్థల సంగతి. మామూలు మనిషి దాకా రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1973లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ అనే వ్యవస్థలో గొట్టం అనే ఏర్పాటు వచ్చింది. డగ్ మెక్‌ల్‌రాయ్ ఆలోచన, కెన్ థాంప్సన్ చేతి చలవ. ఒక ప్రోగ్రాము నుంచి వచ్చినది నేరుగా ఇంకో ప్రోగ్రాములోకి పోతుంది. చెరకు గానుగలో పడి, రసం పెనంలోకి పోయి, బెల్లం అచ్చుల్లోకి పోయినట్టు. ఈ గొట్టాల్లోకి బొమ్మలను పంపినవాడు జెఫ్ పొస్కాంజర్. 1980ల నడుమ ఆయనకు వచ్చిన ఇబ్బంది చాలా చిన్నది. అప్పటి ఈమెయిలులో అక్షరాలు పోతాయి గాని బొమ్మలు పోవు. దాంతో బొమ్మనే అక్షరాలుగా రాసేశాడు. మొదట ఒక గుర్తు, తరువాత వెడల్పు, ఎత్తు, ఆపైన సున్నాలూ ఒకట్లూ. తెలుపుకు సున్నా, నలుపుకు ఒకటి. గళ్ల కాగితం మీద ఎవరైనా చదవగల బొమ్మ అది. మా తరగతిలో పిల్లల చేత గళ్లు నింపించి అక్షరాలు దిద్దించిన రోజులు గుర్తుకొచ్చాయి. 1988లో ఆయన ఈ పరికరాలన్నీ మూటకట్టి పీబీఎంప్లస్ పేరుతో అందరికీ ఇచ్చాడు. ఒకటి తిప్పుతుంది, ఒకటి కత్తిరిస్తుంది, ఒకటి చిన్నది చేస్తుంది. గొట్టంతో కలుపుకోవడం మన ఇష్టం. తరువాత ఇతరులు దాన్ని నెట్‌పీబీఎంగా పెంచారు.

మా మేనల్లుడు వాడినది వేరే. దాని పేరు ఇమేజ్‌మ్యాజిక్. దాని పుట్టుక కూడా చిన్న ఇబ్బంది నుంచే. 1987లో డుపాంట్ అనే రసాయనాల కంపెనీలో జాన్ క్రిస్టీ అనే ప్రోగ్రామరుకు పై అధికారి ఒక పని ఒప్పజెప్పాడు. కోటిన్నర పైగా రంగులున్న బొమ్మలను 256 రంగులు మాత్రమే చూపగల తెరల మీద చూపాలి. దారి తెలియక క్రిస్టీ నెట్‌వర్కులో అడిగితే, కాలిఫోర్నియాలోని పాల్ రావెలింగ్ అనే ఆయన తన ప్రోగ్రామును ఊరికే ఇచ్చాడు. దాని మీద క్రిస్టీ మూడేళ్లు పని చేశాడు. పుచ్చుకున్నవాడికి తిరిగి ఇవ్వాలన్న బుద్ధి పుట్టింది. కంపెనీ సొత్తు కాబట్టి బయట పెట్టకూడదు. డేవిడ్ పెన్సాక్ అనే ఆ అధికారే పై వాళ్లను ఒప్పించి హక్కు విడిపించాడు. 1990 ఆగస్టు 1న ఇమేజ్‌మ్యాజిక్ ఊరికే పంచబడింది. ఇప్పటికీ ఊరికేనే. తిరిగి ఇవ్వాలనిపించిన ఒక మనిషి, పోనీలే ఇవ్వనీ అన్న ఇంకో మనిషి. ఈ ఇద్దరూ లేకపోతే హోసూరులో నా 54 గంటలు మిగిలేవి కావు.

ఫోటోషాపు పేరు తెలియనివారు ఉండరు గనుక దాని కథ పొడిగించను. టామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములది, మొదటి రూపం 1990 ఫిబ్రవరిలో వచ్చింది. తెరవగానే కనిపించే పేర్ల జాబితాలో సీతారామన్ నారాయణన్ అన్న పేరు చూసి మన దక్షిణాది డీటీపీ పిల్లలంతా ఎవరో మనవాడే అని మురిసిపోయేవాళ్లు. 1990లలో మా ఊరి డీటీపీ సెంటరులో పత్రిక పని జరిగేటప్పుడు నేను ప్రూఫులు దిద్దుతూ చూసేవాణ్ణి. ఆపరేటరు ఒక్కొక్క ఫోటో తెరిచి, రంగు తీసేసి, సైజు మార్చి, మళ్లీ దాచి, మళ్లీ ఇంకోటి. నలభై ఫోటోలుంటే నలభై సార్లు. 1996లో వచ్చిన నాలుగో రూపంలో యాక్షన్లు అనే ఏర్పాటు చేర్చారు. టేపు రికార్డరులా మీట నొక్కి ఒకసారి పని చేసి చూపిస్తే, అది గుర్తుపెట్టుకొని మిగతా ఫోటోలన్నిటి మీదా అదే పని తిరిగి చేస్తుంది. ఆజ్ఞ రాయడం రానివారికి ఇది వరం. మా ఆపరేటరుకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తెలిసి ఉంటే రాత్రి పదకొండుకు కాకుండా ఏడింటికే ఇంటికి పోయేవాడు. ఆ రోజుల్లోనే బర్క్‌లీ విద్యార్థులు ఇద్దరు, స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్, గింప్ అనే ఉచిత పరికరం చేశారు. నేను 236 పుటలు చేత్తో దిద్దింది దానితోనే. అందులోనూ ఆజ్ఞలు రాసే వసతి ఉంది. నాకు తెలియదు.

ఇక నా సంగతి.

మేనల్లుడు టైపు చేసిన వరుసలో మొదటి మాట మాగ్రిఫై. ఇమేజ్‌మ్యాజిక్‌లో ఇంచుమించు ఒకే పని చేసే ప్రోగ్రాములు రెండున్నాయి. కన్వర్ట్ అయితే పాత బొమ్మను అలాగే ఉంచి, దిద్దినదాన్ని కొత్త పేరుతో రాస్తుంది. మాగ్రిఫై అయితే, వేరే చోట దాచమని చెప్పకపోతే, పాతదాన్ని తుడిచి దాని మీదే రాస్తుంది. వాడు మొదలుపెట్టే ముందు, "మామా, ఒక కాపీ తీసి పెట్టుకో" అన్నాడు. డిస్కులో చోటు లేదు. వెయ్యి రూపాయలు పెట్టి పెన్‌డ్రైవులు తెచ్చుకోవడానికి బజారుకు పోవాలి. "ఏం పరవాలేదు, కానీయ్" అన్నాను. ఆ మాట నాదే.

వరుసలో తరువాతి మాట తిప్పు. ఆ తరువాత హద్దు. ప్రతి చుక్క వెలుగును సున్నా నుంచి 255 దాకా కొలుస్తారు. సున్నా కటిక నలుపు, 255 తెల్లని తెలుపు. హద్దు నూటికి 60 అని పెట్టాడు, అంటే 153. అంతకు తక్కువ ఉన్న చుక్క నలుపు, ఎక్కువ ఉన్నది తెలుపు. మధ్య రంగు లేదు. సిరా గీత 60, 70 దగ్గర ఉంటుంది, నలుపైపోయింది. పాత కాగితం 200 పైన ఉంటుంది, తెల్లబడింది. పుటలు అచ్చు వేసినట్టు మెరిసిపోయాయి, నేను చప్పట్లు కొట్టాను. పెన్సిలు గీత, అదీ యాభై ఏళ్ల నాటిది, 165, 175 దగ్గర ఉంటుంది. హద్దుకు అవతల. తెల్లబడిపోయింది. చివరి మాట కత్తిరించు. బొమ్మ చుట్టూ ఖాళీ ఎక్కడుందో చూసి అక్కడికి కోసేస్తుంది. అంచు ఖాళీగా కనిపించింది కాబట్టి అంచే పోయింది.

ఈ హద్దును యంత్రమే నిర్ణయించే పద్ధతి ఒకటుంది. 1979లో జపాను శాస్త్రజ్ఞుడు నొబుయుకి ఓత్సు చెప్పినది. పుటలోని చుక్కలన్నీ వెలుగును బట్టి కుప్పలు పోస్తే రెండు గుట్టలు లేస్తాయి, సిరాది ఒకటి, కాగితానిది ఒకటి. ఆ రెంటినీ బాగా వేరు చేసే చోట హద్దు పెట్టాలి. చక్కని ఆలోచన, ఇప్పటికీ వాడుతున్నారు. నా పుటలకు అది పెట్టి ఉన్నా ఇదే జరిగేదని తరువాత మిగిలిన రంగు పుటల మీద వేసి చూసి తెలుసుకున్నాను. పెన్సిలు గుట్ట ఎంత చిన్నదంటే, కాగితం గుట్ట కింద కలిసిపోతుంది.

నాకు ఈ సంగతి మూడు నెలల దాకా తెలియలేదు. ఒక సభలో చదవడానికి ఆ సంగటి మాట కోసం వెతికాను. 1963 సంచికలో ఉండాలి. పుట ఉంది, కథ ఉంది, అంచు లేదు. అప్పుడు కూచుని అన్నీ తిరగేశాను. నేను మణికట్టు వాచేలా చేసిన 236 పుటల్లో అంచులు భద్రంగా ఉన్నాయి. నాకు రంగు తీసేయడం రాదు కాబట్టి, కత్తిరించేటప్పుడు కంటికి రాత కనబడింది కాబట్టి. మిగతా 1,076లో లేవు. బాగలూరు దారి పట్టాను. ఆ పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడుతున్నారు. నోటుబుక్కులు అడిగితే ఆ ఇంటి కోడలు నొచ్చుకుంది. "మీరు కంప్యూటరులో పెట్టేసినారంటిరే అయ్యవారూ, ఇంక ఈ చెదలు పట్టినవి ఎందుకని పాత పేపర్లవానికి వేసేస్తిమి" అంది. ఆమె తప్పేముంది, కంప్యూటరులో భద్రంగా ఉన్నాయని చెప్పింది నేనే.

ఇది నా ఒక్కడి ఇంట్లో జరిగేది కాదు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారు పూనుకొని నడిపిన పది లక్షల పుస్తకాల పథకం వల్ల, భారత డిజిటల్ లైబ్రరీ పేరుతో వేలాది తెలుగు పుస్తకాలు మన ఇళ్లకు వచ్చాయి. మనలాగా ఆంధ్ర దేశానికి బయట ఉన్నవారికి అది ఎంత మేలో లెక్క కట్టలేం. మద్రాసు గ్రంథాలయాల్లో చీటీ రాసి గంటలు కూచున్న తరం నాది. ఆ పుస్తకాలు ఎక్కువగా నలుపు తెలుపుల్లోనే స్కాను అయ్యాయి. అచ్చు అక్షరానికి అది చాలు. కాని అట్ట లోపల ఎవరో తాతగారు పెన్సిలుతో రాసుకున్న పేరు, తారీఖు ఉంటే? 2013లో జర్మనీలో డేవిడ్ క్రీజెల్ అనే ఆయన ఇంకా విచిత్రమైనది కనిపెట్టాడు. ఒక పేరున్న కంపెనీ యంత్రాల్లో ఇంటి ప్లాను స్కాను చేస్తే గదుల కొలతలు మారిపోయాయి. చోటు ఆదా చేయడానికి ఆ యంత్రం ఒకే పోలికగల ముక్కలను ఒకటిగా లెక్కగట్టి, ఒక దాని చోట ఇంకోటి అతికిస్తోంది. అందువల్ల 6 కాస్తా 8 అవుతోంది. మసక కాదు, మరక కాదు, శుభ్రమైన తప్పు. నా పుటలు కూడా శుభ్రంగానే ఉన్నాయి. అందుకే మూడు నెలలు పట్టింది.

మా మేనల్లుడు ఇది విని చాలా కుమిలిపోయాడు. "నేను కన్వర్ట్ అని కొట్టి ఉంటే పోయేది మామా" అన్నాడు. చోటు లేదన్నది నేను గదా అంటే వినడు. ఆ తరువాత ఒక ఆదివారం వచ్చి ఇంకో ప్రయత్నం చేశాడు. పెన్సిలును గట్టిగా నొక్కి రాసిన చోట కొన్ని చుక్కలు హద్దు దాటకుండా నిలిచి ఉంటాయి. అలాంటి చుక్కలు ఉంటే కత్తిరించు ఆజ్ఞ అంతవరకు ఆగుతుంది. అంటే కోసిన పుటల్లో మామూలు కంటే వెడల్పుగా మిగిలినవి ఎవరో గట్టిగా రాసిన పుటలన్నమాట. ఒక్క ఆజ్ఞతో 1,076 పుటల వెడల్పులు రాయించి, వరుస పెట్టాడు. వెడల్పుగా ఉన్నవి 143 తేలాయి. వాటి అంచుల్లో చీమల బారులాగా చుక్కలు. ఒకటి రెండు చోట్ల ఒక కొమ్ము, ఒక సున్న.

ఆ పత్రికకు అప్పట్లో ఎక్కువ పెన్సిలు పెట్టిన పాఠకురాలు ఒకామె ఉంది. చదివేటప్పటికి పదమూడేళ్ల పిల్ల. ఇప్పుడు ఎనభైకి దగ్గర, బెంగుళూరులో కొడుకు దగ్గర ఉంటుంది. నేను అక్కయ్యా అంటాను. మొన్నటి ఏడాది ఆ 143 పుటలు పట్టుకుని పోయాను. చుక్కలు చూపించి, ఇవి మీ చేతివేనా అన్నాను. అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇది నేనే. ఇంత గట్టిగా నొక్కేది ఇంకెవరుంటారు, మా అమ్మ తిట్టేది పెన్సిలు ముల్లు విరిచేస్తానని" అంది. ఏం రాశారో గుర్తుందా అంటే, కథ మొత్తం చదవాలి అంది. చదివింది. గుర్తు రాలేదు. "కానీ ఇప్పుడు చెప్పాల్సింది ఒకటుంది" అంది. రాయడానికి చోటేది? అక్షరాల పక్కనే కోసేసి ఉంది గదా.

ఇంటికి వచ్చి మేనల్లుడికి ఫోను చేశాను. అంచు చేర్చే ఆజ్ఞ ఉందా అని అడిగాను. ఉంది. పుట చుట్టూ ఎంత కావాలంటే అంత తెల్లచోటు పెడుతుంది. ఈసారి నా చేత్తోనే టైపు చేశాను, కన్వర్ట్ అని, వేరే ఫోల్డరులోకి, కాపీ పక్కన పెట్టుకుని. ఎడమవైపు రెండంగుళాల చోటు వదిలి 143 పుటలూ ప్రింటు తీయించి పంపాను. పెన్ను కూడా పెట్టి పంపితే దాన్ని తిప్పి పంపించింది. పెన్సిలుతోనే రాస్తుందట. ఆమె రాసినవి రంగుల్లోనే స్కాను చేస్తున్నాను. హద్దు పెట్టడం లేదు.

ఇప్పటికి 61 పుటలు వచ్చాయి. అప్పటి మాటలు కావు ఇవి, ఇప్పటివి. సంగటి కథ అంచులో ఆమె ఈసారి రాసింది: "మా మనవరాలికి సంగటి అంటే ఏమో తెలియదు, రాగి ముద్ద అంటే తెలుసు, అదీ హోటల్లో." దాని కింద చోటు వదిలి, ఇంకెవరైనా రాయడానికి అని చిన్న గీత గీసింది. నిన్న ఫోను చేసి, పెన్సిలు చిన్నదైపోయింది, ఇంకోటి పంపమంది.